చెక్క అచ్చులో నటుని ముఖం

కవి రాసిన కావ్యం కవి తరువాత కూడా నిలుస్తుంది. శిల్పి మలచిన విగ్రహం శతాబ్దాల పాటు నిలుస్తుంది. నటుని కళ అలాంటిది కాదు. నాటకం ముగిసి తెర పడగానే అది కూడా ముగుస్తుంది. చూసినవారి జ్ఞాపకంలో తప్ప దానికి వేరే నిలువనీడ లేదు. ఫోటో, చలనచిత్రం పుట్టని కాలంలో జపాను దేశస్థులు ఈ లోటు తీర్చడానికి ఒక మార్గం కనిపెట్టారు. నటుని రూపాన్ని చెక్క మీద చెక్కి, రంగులు పూసి, కాగితం మీద అద్ది, వందల ప్రతులుగా అమ్మారు. ఒక ప్రతి వెల ఒక పూట ఫలహారానికయ్యే ఖర్చుకు అటూ ఇటూగా ఉండేది.

ఆనాడు అంత చౌకగా అమ్ముడుపోయిన కాగితాలు నేడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలలో అపురూపమైన వస్తువులుగా ఉన్నాయి. వాటికి తరువాతి కాలంలో నకళ్లు కూడా వచ్చాయి. ఆ నకళ్లలో కొన్ని గౌరవం పొందాయి. కొన్ని మోసం అనిపించుకున్నాయి. రెండూ నకళ్లే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చింది? అది తెలియాలంటే మొదట ఆ బొమ్మలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలి.

కబుకి నాటకం

జపాను ప్రజలకు ప్రీతిపాత్రమైన నాటక సంప్రదాయం కబుకి. 1603 ప్రాంతంలో ఒకుని అనే నర్తకి క్యోటో నగరంలో ఇచ్చిన ప్రదర్శనలతో ఇది మొదలైంది. 1629లో ప్రభుత్వం స్త్రీలు కబుకి రంగస్థలం ఎక్కకూడదని నిషేధించింది. ఆనాటి నుంచి స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరిస్తూ వచ్చారు. కూచిపూడి భాగవతులలో స్త్రీవేషం ఎలా ప్రత్యేక విద్యగా పెరిగిందో, కబుకిలో కూడా అలాగే పెరిగింది. స్త్రీ పాత్ర ధరించే నటుని 'ఒన్నగాట' అంటారు.

నేటి టోక్యో నగరానికి అప్పటి పేరు ఎడో. ఆ నగరంలో ప్రభుత్వ అనుమతి పొందిన పెద్ద నాటకశాలలు మూడు ఉండేవి. ప్రదర్శనలు ఉదయం మొదలై పొద్దుగూకే దాకా సాగేవి. గొప్ప నటుల పేర్లు వంశపారంపర్యంగా వచ్చేవి. ఇచికావా డంజూరో అనే పేరు ధరించిన మొదటి నటుడు 1660 నుంచి 1704 వరకు జీవించాడు. అదే పేరును 2022లో 13వ నటుడు స్వీకరించాడు.

కబుకిలో కథ పతాకస్థాయికి చేరినప్పుడు నటుడు ఒక భంగిమలో బిగుసుకుని క్షణకాలం నిశ్చలంగా నిలుస్తాడు. కనుగుడ్లు తిప్పి చూస్తాడు. దీనిని 'మియె' అంటారు. ప్రేక్షకులు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. బొమ్మలు గీసేవారు పట్టుకోవాలనుకున్నది కూడా ఆ క్షణాన్నే.

నలుపు నుంచి రంగులకు

ఎడో నగర జీవితాన్ని, వినోదాలను చూపే బొమ్మలను 'ఉకియో-ఎ' అన్నారు. క్షణికమైన లోకపు చిత్రాలు అని దాని భావం. వీటిలో నటుల బొమ్మలది పెద్ద భాగం. టోరీ కియోనోబు అనే చిత్రకారుడు, అతని వంశీయులు నాటకశాలల ముందు కట్టే ప్రకటన చిత్రాలు గీసేవారు. అచ్చుబొమ్మలు కూడా గీసేవారు. తొలి రోజులలో అచ్చు నలుపు ఒక్కటే. రంగు కావాలంటే కుంచెతో చేత్తో పూయవలసి వచ్చేది. 1740ల నాటికి రెండు మూడు రంగులను కూడా అచ్చుతోనే అద్దడం అలవాటైంది. 1765లో సుజుకి హరునోబు కాలంలో అనేక రంగుల అచ్చు వచ్చింది. అది జరీపట్టులా శోభిస్తోందని దానిని 'నిషికి-ఎ', అంటే పట్టుచిత్రం అన్నారు.

అప్పటిదాకా బొమ్మలో ఉన్నది ఏ నటుడో తెలియాలంటే దుస్తుల మీది వంశచిహ్నం చూడవలసిందే. ముఖాలన్నీ ఒకే తీరుగా ఉండేవి. కట్సుకావా షున్షో (1726-1792) ఈ పద్ధతిని మార్చాడు. అతడు ఒక్కొక్క నటుని ముక్కు, కన్ను, దవడ విడివిడిగా పోల్చుకునేలా గీశాడు. చిహ్నం చూడకుండానే నటుని గుర్తుపట్టవచ్చు. అచ్చుబొమ్మలో పోలిక అనేది అలా ప్రవేశించింది.

నలుగురు చేసిన పని

ఈ బొమ్మ కింద చిత్రకారుని సంతకం ఒక్కటే కనిపిస్తుంది. నిజానికి ఇది నలుగురు కలిసి చేసిన పని. మొదటివాడు ప్రచురణకర్త. ఏ నటుని బొమ్మ వేయాలో నిర్ణయించి పెట్టుబడి పెట్టేది అతడే. రెండవవాడు చిత్రకారుడు. మూడవవాడు చెక్కడపు పనివాడు. నాలుగవవాడు అద్దకపు పనివాడు.

చిత్రకారుడు పలుచని కాగితం మీద నల్లని గీతలతో బొమ్మ గీసి ఇస్తాడు. చెక్కడపు పనివాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటిస్తాడు. అడవి చెర్రీ చెక్క గట్టిది, నునుపైనది. సన్నని గీత చెక్కినా విరగదు. గీతలను వదిలి మిగిలిన భాగమంతా ఉలితో తొలగిస్తే గీతలు ఉబ్బెత్తుగా నిలుస్తాయి. ఈ పనిలో చిత్రకారుడు గీసిన కాగితం గీతలతోపాటు నశించిపోతుంది. అంటే అచ్చుబొమ్మకు దాచిపెట్టుకున్న మూలచిత్రం ఒకటి ఉండదు. అద్దిన ప్రతులే మూలం. నుదుటి మీద వెంట్రుకలు మొలిచే చోట గీతలు తలవెంట్రుకంత సన్నగా ఉంటాయి. వాటిని చెక్కడం అనుభవజ్ఞుడైన పెద్ద పనివానికే అప్పగించేవారు.

గీతల అచ్చు పూర్తయ్యాక ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు చెక్కుతారు. అన్ని అచ్చుల మీద ఒకే చోట, ఒక మూలన ఒకటి, అంచున ఒకటి చిన్న గాళ్లు ఉంటాయి. వీటిని 'కెంటో' అంటారు. కాగితాన్ని ప్రతిసారీ ఈ గాళ్లలోనే ఆనించి పరచడం వల్ల ఒక రంగు పక్కన మరొక రంగు సరిగ్గా కూర్చుంటుంది. వెంట్రుకవాసి తప్పినా పెదవి రంగు గడ్డం మీద పడుతుంది.

కాగితం మల్బరీ జాతికి చెందిన ఒక చెట్టు బెరడు నారతో తయారవుతుంది. రంగు పాకకుండా దానికి జిగురు, పటిక కలిపిన నీళ్లు పట్టిస్తారు. అద్దే ముందు కొంచెం తడి చేస్తారు. అచ్చుకు రంగు పూసి, కాగితం పరచి, దాని వీపు మీద 'బరెన్' అనే గుండ్రని బిళ్లతో రుద్దుతారు. వెదురు పొరతో చుట్టిన ఈ బిళ్ల అరచేతిలో ఇముడుతుంది. ఇందులో యంత్రం లేదు. ఎక్కడ ఎంత ఒత్తాలో చేతికే తెలియాలి. ఇలా ఒక విడతలో సుమారు 200 ప్రతులు తీసేవారు. బొమ్మ బాగా అమ్ముడైతే మళ్లీ అద్దేవారు. అమ్ముడుపోకపోతే చెక్కను చిత్రిక పట్టి మరొక బొమ్మకు వాడుకునేవారు.

పది నెలల చిత్రకారుడు

నటుల బొమ్మలలో నేడు అందరికంటే పేరు పొందినవాడు తొషూసాయ్ షరాకు. అతని వృత్తి జీవితం సుమారు పది నెలలు మాత్రమే. 1794 వేసవిలో ఎడో దుకాణాలలో అతని బొమ్మలు 28 ఒక్కసారిగా వెలువడ్డాయి. అన్నీ తల, భుజాలు మాత్రమే కనిపించే పెద్ద ముఖాలు. వెనుక నల్లని అభ్రకపు పొడి అద్దారు. బొమ్మను చేతిలో అటూ ఇటూ తిప్పితే ఆ నేపథ్యం అద్దంలా మెరుస్తుంది.

వీటిని అచ్చువేసిన త్సుతయా జూజబురో సాహసవంతుడైన ప్రచురణకర్త. ప్రభుత్వం ఒప్పుకోని పుస్తకాలు ప్రచురించినందుకు 1791లో అతని ఆస్తిలో సగం జప్తు అయింది. సుమారు మూడేళ్ల తరువాత, అంతవరకు ఎవరికీ తెలియని చిత్రకారుని మీద అతడు ఇంత ఖర్చు పెట్టాడు.

షరాకు బొమ్మలలో ప్రసిద్ధమైనది 3వ ఓటాని ఒనిజి అనే నటుడు ఎడోబెయి అనే దుర్మార్గుని పాత్ర ధరించిన చిత్రం. ఎడోబెయి డబ్బు దోచుకోవడానికి ఎదుటివాని మీద పడబోతున్న క్షణం అది. మెడ ముందుకు చాచాడు. పెదవులు బిగించాడు. కళ్లు ఒకదాని దగ్గరకు ఒకటి వచ్చాయి. అంగీ లోపలి నుంచి రెండు చేతులు, వేళ్లు విచ్చుకుని పైకి వచ్చాయి. ముఖాకృతితో పోలిస్తే ఆ చేతులు చాలా చిన్నవి. అయినా చూసేవారి చూపు వాటి మీదికే పోతుంది.

షరాకు నటులను అందంగా చూపడానికి ప్రయత్నించలేదు. స్త్రీ పాత్ర ధరించిన నటుని బొమ్మలో పూల అలంకారం కింద మగవాని గట్టి దవడ కనిపిస్తుంది. వయసు మీరిన నటుని ముఖంలో వయసు కనిపిస్తుంది. పాత్ర, పాత్ర వెనుక ఉన్న మనిషి, ఇద్దరూ ఒకే ముఖంలో కనిపించడం అతని ప్రత్యేకత.

ఆనాటి ప్రేక్షకులు కోరుకున్నది ఇది కాదు. వారికి తాము ఆరాధించే నటుడు ఆరాధించదగినట్లు కనిపించాలి. అదే సంవత్సరం ఉటగావా టొయొకుని (1769-1825) నటుల నిలువెత్తు బొమ్మలను హుందాగా, అందంగా గీసి వెలువరించాడు. జనం వాటిని ఆదరించారు. 1795 ఆరంభంతో షరాకు బొమ్మలు ఆగిపోయాయి. అప్పటికి అతడు గీసినవి 140కి పైగా ఉన్నాయి. నటులను మరీ ఉన్నది ఉన్నట్లు చూపబోయి గీయరానిది గీశాడని, అందువల్లనే ఎక్కువకాలం నిలవలేదని ఎడో రచయిత ఓటా నంపో అభిప్రాయపడ్డాడు. షరాకు అసలు ఎవరన్న ప్రశ్న చాలాకాలం సాగింది. ఆవా సంస్థానాధీశుని కొలువులో 'నో' నాటకాలు ఆడిన సైటో జూరోబెయి అనే నటుడే షరాకు అని పలువురు పండితుల అభిప్రాయం.

నిషేధాలు, అస్తమయం

టొయొకుని శిష్యుడు కునిసడా (1786-1865) గురువును మించి నటుల బొమ్మలు గీశాడు. 1842లో ప్రభుత్వం పొదుపు, నీతి పేరిట నటుల బొమ్మలను నిషేధించింది. చిత్రకారులు ఉపాయాలు వెతికారు. ఉటగావా కునియొషి గోడ మీద ఎవరో ఆకతాయి గీసిన పిచ్చిగీతల వలె నటుల ముఖాలు గీశాడు. నటుల పేర్లు లేవు. అయినా కొన్నవారందరూ గుర్తుపట్టారు. క్రమంగా నిషేధం సడలింది. 1854లో 8వ డంజూరో యువకుడుగానే మరణించినప్పుడు అతని స్మారకంగా వందకు పైగా రకాల బొమ్మలు వెలువడ్డాయంటే ప్రజలకు వీటి మీద ఎంత మక్కువో తెలుస్తుంది.

ఈ మక్కువను తగ్గించినది ప్రభుత్వ శాసనం కాదు, ఫోటో. 19వ శతాబ్ది చివర టొయొహారా కునిచిక (1835-1900) వంటివారు పాత పద్ధతిలో గీస్తూనే ఉన్నా, నటుని ముఖం కావలసినవారు ఫోటోలు కొనసాగారు. అచ్చులు చెక్కేవారికి, అద్దేవారికి జీవనోపాధి పోయింది. అదే సమయంలో పాత బొమ్మలు ఓడలలో యూరపుకు, అమెరికాకు వెళ్లాయి. అక్కడి చిత్రకారులు వాటిని సేకరించారు. 1910లో జర్మన్ పండితుడు జూలియస్ కుర్త్ షరాకు మీద ఒక గ్రంథమే రాశాడు. సొంత నగరంలో పది నెలలకు మించి నిలవని చిత్రకారుడు నూరేళ్ల తరువాత లోకానికి పరిచయమయ్యాడు.

మూడు రకాల ప్రతులు

పాత బొమ్మలకు విలువ పెరగడంతో నకళ్ల అవసరం ఏర్పడింది. నేడు ఒక నటుని బొమ్మ చేతికి వస్తే, అది సాధారణంగా మూడు రకాలలో ఒకటై ఉంటుంది.

మొదటిది ఆ కాలపు అచ్చులతో తీసిన ప్రతి. ఇందులోనూ తేడాలున్నాయి. తొలి విడతలో తీసిన ప్రతులలో గీతలు పదునుగా ఉంటాయి. అచ్చు అరిగిన తరువాత తీసినవాటిలో గీతలు లావెక్కుతాయి, అక్కడక్కడ తెగుతాయి. ఖర్చు తగ్గించడానికి కొన్ని రంగులు మానేయడం కూడా ఉండేది.

రెండవది పునర్ముద్రణ. పాత ప్రతిని చూసి గీతలను మళ్లీ రాసుకుని, కొత్త చెర్రీ చెక్క మీద చెక్కి, పాత పద్ధతిలోనే చేత్తో అద్దినది. ఇది చేయాలంటే రెండు వందల ఏళ్ల నాటి పనివాని చేయి ఎలా కదిలిందో నేటి పనివాడు గ్రహించాలి.

మూడవది యంత్రంతో అచ్చువేసిన ప్రతి. భూతద్దంతో చూస్తే ఇందులో రంగులు చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తాయి. చేత్తో అద్దిన ప్రతిలో చుక్కలుండవు. కాగితం తిప్పి చూస్తే బరెన్ రుద్దిన జాడలు, వీపు దాకా ఇంకిన రంగు కనిపిస్తాయి. అభ్రకపు మెరుపు కూడా యంత్రపు ప్రతిలో ఉండదు. అక్కడ వట్టి బూడిదరంగు మిగులుతుంది.

పునర్ముద్రణ వల్ల ఒక చేతిపని బతికింది. వటనబే షోజబురో అనే టోక్యో ప్రచురణకర్త పాత బొమ్మలకు పునర్ముద్రణలు వేయించాడు. ఆ పని మీద నిలిచిన చేతులతోనే కొత్త చిత్రకారుల బొమ్మలు కూడా అచ్చువేయించాడు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపంలో అతని దుకాణం, అచ్చులు అగ్నికి ఆహుతయ్యాయి. అయినా 1925 నుంచి 1929 వరకు నటోరి షున్‌సెన్ గీసిన 36 కబుకి నటుల ముఖచిత్రాలను వెలువరించాడు. 1928లో టోక్యోలో ఏర్పడిన అడాచి సంస్థలో చెక్కడం, అద్దకం పనులు నేటికీ నేర్పుతున్నారు. షరాకు బొమ్మలు అక్కడ మళ్లీ కొత్త చెక్కల మీద రూపుదిద్దుకుంటున్నాయి.

ఈ ప్రతుల వల్ల మరొక మేలు ఉంది. కుసుమ పూల ఎరుపు వంటి పాత రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. అందువల్ల మ్యూజియాలు అసలు ప్రతులను మసక వెలుతురులో కొద్దికాలం మాత్రమే ప్రదర్శిస్తాయి. 1794లో దుకాణం ముందు నిలిచినవాడు చూసిన నిండు రంగులు ఎలా ఉండేవో నేడు ఊహించడానికి మంచి పునర్ముద్రణే ఆధారం.

దాచిన నకలు

ఇదే పనిని మోసానికి వాడినవారు కూడా ఉన్నారు. కొత్తగా చెక్కి అద్దిన ప్రతికి పాత రంగు పట్టించి, అంచున ఉన్న ప్రచురణకర్త గుర్తు కత్తిరించి, అసలు ప్రతిగా అమ్మినవారున్నారు. మరికొందరు ఇంకొక అడుగు ముందుకు వేశారు. వెలిసిపోయిన పాత ప్రతి మీదనే కొత్త అచ్చులతో రంగులు అద్దారు. 1919 ప్రాంతంలో ప్రసిద్ధ అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ జపానులో కొని తెచ్చి అమ్మిన బొమ్మలలో ఇటువంటివి బయటపడ్డాయి. సంగతి తెలిశాక అతడు ఆ బొమ్మలను వెనక్కు తీసుకుని, తన సొంత సేకరణలోని మంచి బొమ్మలను వాటికి బదులుగా ఇవ్వవలసి వచ్చింది.

ఇక్కడ ఆలోచించదగిన విషయం ఒకటుంది. రైట్ చేతికి వచ్చిన ఆ బొమ్మలలో కాగితం అసలైనదే. గీతలు కూడా ఆ కాలపువే. అయినా వాటిని ఎవరూ గౌరవించలేదు. అడాచి పునర్ముద్రణలో కాగితం కొత్తది, చెక్క కొత్తది, రంగు కొత్తది. అయినా దానిని గౌరవిస్తారు. ఎందుకంటే అది తాను ఎవరి చేతిలో, ఎప్పుడు పుట్టిందో దాచదు. అచ్చుబొమ్మ పుట్టుకలోనే అనేక ప్రతులున్నాయి కనుక ప్రతి తీయడం తప్పు కాదు. ప్రతి తీసి ఆ సంగతిని దాచడమే తప్పు.

షరాకు స్త్రీవేషం కింద ఉన్న మగవాని దవడను దాచలేదు. అందుకు అతడు పది నెలలలో తన వృత్తిని పోగొట్టుకున్నాడు. అతని బొమ్మను మళ్లీ చెక్కేవానికి కూడా ఆ నియమమే వర్తిస్తుంది. ముఖం ఎవరిదో చెప్పినట్లే, చేయి ఎవరిదో కూడా చెప్పాలి.

అర్థాలు

నిలువనీడ = ఆశ్రయం
పతాకస్థాయి = మిక్కిలి ఉన్నతమైన దశ
నిశ్చలంగా = కదలిక లేకుండా
చిత్రిక పట్టు = చెక్కను సాధనంతో గీసి నునుపు చేయు
జప్తు = ప్రభుత్వం ఆస్తిని స్వాధీనం చేసుకోవడం
మక్కువ = ఇష్టం
ఆహుతి = అగ్నికి అర్పితమైనది

అభ్యాసం

అ) ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. 'మియె' అంటే ఏమిటి?
2. షున్షో నటుల బొమ్మలలో తెచ్చిన మార్పు ఏది?
3. 'కెంటో' గాళ్ల వల్ల ప్రయోజనమేమి?
4. చేత్తో అద్దిన ప్రతిని, యంత్రపు ప్రతిని ఎలా వేరుచేసి గుర్తించవచ్చు?

ఆ) పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. అచ్చుబొమ్మ నలుగురు చేసిన పని అని ఎందుకు అనవచ్చు?
2. షరాకు బొమ్మలను ఆనాటివారు ఎందుకు ఆదరించలేదు? మీ అభిప్రాయంలో అతడు చేసింది సరైనదేనా?
3. "ప్రతి తీయడం తప్పు కాదు. ప్రతి తీసి ఆ సంగతిని దాచడమే తప్పు." ఈ మాటలను పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.

ఇ) కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
ముఖాకృతి, జీవనోపాధి

ఈ) మీ ఊరిలో చేత్తో చేసే పని ఒకటి ఎంచుకోండి. ఆ పనివారిని కలిసి, పనిముట్ల పేర్లు, పని జరిగే వరుస అడిగి తెలుసుకుని ఒక పుటలో రాయండి.